ఎర్ర సిరా లేని తరగతి

మన కాలేజీలో వచ్చే సెమిస్టరు నుంచి ఒక వింత తరగతి మొదలు కాబోతున్నదని మీరీపాటికి వినే ఉంటారు. తెలుగు శాఖ నోటీసు బోర్డులో కాగితం అంటించి పది రోజులైంది. పేరు 'రచనాభ్యాసం'. పేరు చూసి ఎవరూ ఆగలేదు గాని, కింద ఉన్న షరతులు చూసి అందరూ ఆగారు. పాఠ్యపుస్తకం లేదు. ఆఖర్న రాతపరీక్ష లేదు. ప్రతి బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా బెంచీల మీద కాకుండా గుండ్రంగా కింద కూర్చోవాలి. రెండు వందల పేజీల నోటు పుస్తకం, ఒక కలం తెచ్చుకోవాలి. సెల్‌ఫోను గది బయట పెట్టాలి. ఇంట్లో ఏ తెలుగు మాట్లాడతారో ఆ తెలుగులోనే రాయాలి. రాసింది పైకి చదవాలి. దాని గురించి మిగతావాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ రాసిన మనిషి నోరు విప్పకూడదు. మొదటి ఆరు వారాలు మేడమ్ గారు ఒక్క తప్పు కూడా దిద్దరు. ఏ శాఖవారైనా చేరవచ్చు. రెండు క్రెడిట్లు, ఇరవై నాలుగు సీట్లు.

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేస్తున్న నేను కూడా పేరిచ్చాను. తరగతి ఇంకా మొదలే కాలేదు గనక అది మంచిదో చెడ్డదో తేల్చే హక్కు నాకు లేదు. అయితే మొదలు కాకముందు మనిషికుండే ఆశలూ భయాలూ మొదలయ్యాక అవే రూపంలో ఉండవు. సంచికకు ఏదైనా రాయమని యూనియన్ వారు వెంటపడుతున్నారు కాబట్టి, అవి వాడిపోకముందే కాగితం మీద పెడుతున్నాను. మధ్యమధ్య అధ్యాపకులకు విన్నపాలు కూడా ఉంటాయి. అవి విన్నపాలే, డిమాండ్లని ఎవరైనా అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ముందు ఆశల సంగతి.

మాకు వ్యాసమంటే మూడు ముక్కలు: ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. ఆరో తరగతిలో నేర్పిందే డిగ్రీ దాకా నడిచింది. ఉపోద్ఘాతంలో 'నేటి సమాజంలో ఫలానాదానికి విశిష్ట స్థానమున్నది' అని పెడతాం. ఆ ఫలానా చోట ఆవును కూర్చోబెట్టినా ఒదుగుతుంది, గ్రంథాలయాన్ని కూర్చోబెట్టినా ఒదుగుతుంది, టెలివిజనూ ఒదుగుతుంది. ముగింపులో 'కావున విద్యార్థులమైన మనమందరము' అని ఒక ప్రతిజ్ఞ. నీటి ఎద్దడి మీద వ్యాసం రాసి నేను పదికి ఎనిమిది మార్కులు తెచ్చుకున్న ఏడాది, మా వాడలో బోరు ఎండిపోయింది. ట్యాంకరు దగ్గర బిందెల వరసలో రోజూ గంటసేపు నిలబడేదాన్ని. వ్యాసంలో ఆ బిందె లేదు. ఆ ట్యాంకరు లేదు. వరస తప్పిందని ఇద్దరు వదినా మరదళ్ళు జుట్లు పట్టుకున్న సంగతి అసలే లేదు. అవి కూడా వ్యాసంలోకి వస్తాయని మాకు చెప్పినవారెవరూ లేరు. ఆ ఎనిమిది మార్కుల వ్యాసం చదివితే, దాన్ని రాసిన మనిషికి దప్పిక అంటే ఏమిటో తెలియదనిపిస్తుంది.

నా అనుమానం ఏమిటంటే, సైన్సు రికార్డు దానికంటే నిజాయితీ గలది. అందులో 'పరిశీలన' అని ఒక గడి ఉంటుంది. ద్రావణం రంగు మారితే మారిందని రాయాలి, మారకపోతే మారలేదని రాయాలి. ఫలితం ముందు తెలుసుకుని పరిశీలన తర్వాత నింపే మహానుభావులు ఉన్నారనుకోండి, అది వేరే కథ. కానీ ఆ గడి అంటూ ఒకటుంది. తెలుగు వ్యాసంలో ఆ గడి లేదు. బుధవారం తరగతి నుంచి నేను ఆశించే మొదటి వస్తువు అదే. కథలు రాసి పేరు తెచ్చుకుందామని కాదు.

ఇక రెండో ఆశ. దీనికి కొంచెం మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా అవ్వ బీడీలు చేస్తుంది. పుస్తకాల్లో 'బీడీలు చుట్టు కార్మికురాలు' అని ఉంటుంది, మా దగ్గర ఎవరూ చుట్టరు, అందరూ చేస్తారు. 'ఏం పని చేస్తవు' అంటే 'బీడీలు చేస్త' అనే జవాబు. కార్ఖానాలో టేకేదారు ఆకూ తంబాకూ తూకం వేసి ఇస్తాడు. తునికాకును రాత్రి తడిపి, తడిబట్టలో చుట్టి పెడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది. కత్తెరతో కొలతకు కత్తిరించాలి, ఈనె తీయాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. ఇరవై ఐదింటికి ఒక కట్ట. ఆకు బాగా లేకపోతే ఇచ్చిన తూకంలో వెయ్యి బీడీలు కావు; తక్కువపడ్డ ఆకు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. బాగా లేవని పక్కన పడేసిన బీడీలకు కూలి లేదు. నేను టెన్త్ దాకా బడి నుంచి వచ్చి మూతులు మడిచేదాన్ని. ఇప్పటికీ పిప్పెట్టు పట్టుకుంటే నా బొటనవేలు ఆ పాత పనినే గుర్తు చేస్తుంది.

ఈ పనికి మా ఇంట్లో ఒక తెలుగు ఉంది. నేను రాసే తెలుగులో ఆ పనికి మాటలు లేవు. హాస్టలు నుంచి ఫోను చేసినప్పుడు నేను మాట్లాడే మనిషి వేరు, పరీక్షలో రాసే మనిషి వేరు. పదహారేళ్ళు చదివి నేను సాధించింది ఈ ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోకుండా చూసుకోవడమే. బుధవారం తరగతి వాళ్ళిద్దరినీ ఒక చాప మీద కూర్చోబెడుతుందేమోనని నా ఆశ.

ఇదంతా కొత్త గొడవ అనుకునేవారికి ఒక పాత గొడవ గుర్తు చేస్తాను. 1911 - 1914 మధ్య మద్రాసు విశ్వవిద్యాలయంలో పెద్ద రగడ జరిగింది. దేనిమీద? ఇంటర్మీడియట్ పిల్లలు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి అన్నదాని మీద! గ్రాంథికంలోనే రాయాలని జయంతి రామయ్య పంతులు గారి పక్షం. వాడుకభాషలో రాస్తే తప్పేమిటని గిడుగు రామమూర్తి పంతులు గారు, గురజాడ అప్పారావు గారు. గురజాడ 1914లో ఇంగ్లీషులో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసి విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. మరుసటి ఏడే కన్నుమూశారు. తమ వాదం గెలవడం ఆయన చూడలేదు. ఇంత జరిగిందీ కావ్యాల గురించి కాదు, పురాణాల గురించి కాదు, అచ్చంగా మనబోటి విద్యార్థుల వ్యాసం గురించి. ఈ సంగతి మాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

గిడుగు వారి గురించి ఇంకొక మాట. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. ఇంటి మాటను బడిలోకి రానివ్వాలన్న పట్టుదలకూ సవర పిల్లలతో ఆయన చేసిన పనికీ సంబంధం ఉందనే నాకనిపిస్తుంది.

అయితే ఆ గొడవ జరిగేనాటికి మా ప్రాంతం మద్రాసు కింద లేదు, నిజాం రాజ్యంలో ఉంది. మా దగ్గర పెద్ద చదువంటే ఉర్దూ చదువు. 1918లో వచ్చిన ఉస్మానియాలో బోధన ఉర్దూలోనే. కార్ఖానా, టేకేదారు, తారీకు, దస్తకత్తు మా అవ్వ నోట్లో తెలుగు మాటలుగా ఉన్నది అందుకే. గ్రాంథికం పోయి పుస్తకాల్లోకి వచ్చిన వాడుకభాష ఎవరి వాడుక? ఎక్కువ పాలు కోస్తా జిల్లాల చదువుకున్నవారి వాడుక. అంటే గిడుగు వారు తలుపు తీశారు గాని, ఆ తలుపు నుంచి మొదట దూరినవారు మా వాళ్ళు కారు. కాళోజీ నారాయణరావు గారు జీవితాంతం ఈ మాటే అడుగుతూ వచ్చారు. ఆంధ్రలో ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా, తెలంగాణలో సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రెండు రోజులూ పూలదండలు పడతాయి. మర్నాడు జవాబు పత్రంలో 'చేస్తది' అని రాస్తే కింద ఎర్రగీత కూడా పడుతుంది.

ఆశలు ఇవీ. ఇక భయాలకు వస్తాను, అవే ఎక్కువ.

మొదటి భయం, నాకేమీ రాదేమోనని. పదినిమిషాల పాటు కలం ఎత్తకుండా, ఆగకుండా, కొట్టివేయకుండా రాయాలని నోటీసులో ఉంది. ఇది అమెరికాలో పీటర్ ఎల్బో అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. 1973లో ఆయన 'రైటింగ్ వితౌట్ టీచర్స్' అనే పుస్తకం రాశాడు. ఆయన కథ నాకు ధైర్యమిచ్చింది. హార్వర్డులో పీహెచ్‌డీకి చేరి, వ్యాసాలు రాయలేక, మధ్యలో మానేసి వెళ్ళిపోయిన మనిషి! రాయలేకపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాడు చెప్పిన మాట కనుక విందామని, మొన్నొక రాత్రి హాస్టలు మేడమీద కూర్చుని ప్రయత్నించాను. మొదటి మూడు నిమిషాలు నా కలం నుంచి వచ్చింది అచ్చమైన పరీక్ష తెలుగు: 'ప్రకృతి రమణీయముగా నున్నది.' ఎదురుగా ఉన్నది నీళ్ళ ట్యాంకు. తర్వాత మెస్సు బిల్లు అంకెలు వచ్చాయి. ఆ తర్వాత ఏమీ తోచక, తోచడం లేదు తోచడం లేదు అని రెండు వరసలు రాశాను. ఆపైన ఎక్కడి నుంచి వచ్చిందో గాని ఒక వాక్యం పడింది: 'ఆకు తడిపినవా?'

చిన్నప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు అవ్వ అడిగే మాట అది. నేను తడపడం మరిచిపోతే మర్నాడు పని లేదు, పని లేకపోతే ఆ వారం బియ్యం లెక్క తప్పుతుంది. ఆ రెండు మాటల్లో మా ఇల్లంతా ఉంది. గడియారం చూస్తే ఇంకా రెండు నిమిషాలుంది. కలం ఆపేశాను. అక్కడి నుంచి ముందుకు పోవడానికి భయం వేసింది. ఏమీ రాకపోతే ఎలా అని బయలుదేరినదాన్ని, వస్తే ఎలా అని దిగివచ్చాను.

రెండో భయం నవ్వు. తొమ్మిదో తరగతిలో ఉండగా పట్నం బడిలో ఒకసారి నేను 'మక్కలు' అంటే తరగతంతా నవ్వింది, 'మొక్కజొన్న' అనాలట. అది చిన్న సంగతే. కానీ పైకి చదవాలి అన్న షరతు చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ నవ్వే. చాలాకాలం మన సినిమాల్లో మా మాట రౌడీలకూ కమెడియన్లకూ మాత్రమే ఇచ్చారు. 2017లో 'ఫిదా', 2023లో 'బలగం' వచ్చాక పరిస్థితి మారింది. ఇప్పుడు మా మాటకు ఈలలు పడుతున్నాయి. నన్నడిగితే ఈలలతో కూడా కొంచెం జాగ్రత్తగానే ఉండాలి. నాలుగు 'గట్ల', ఆరు 'గిట్ల' చల్లితే అది యాస అయిపోతుందని ఒక నమ్మకం బయలుదేరింది. కూరలో కొత్తిమీర చల్లినట్టు. మా అవ్వ మాటలో ఉన్నది కొత్తిమీర కాదు. ఏ మాట దగ్గర ఆగుతుందో, ఏది చెప్పకుండా వదిలేస్తుందో, కోపమొస్తే గొంతు పెంచకుండా ఎలా తగ్గిస్తుందో, అది పట్టుకోవాలి. పాకాల యశోదారెడ్డి గారు ఉస్మానియాలో తెలుగు ఆచార్యులుగా పాఠాలు చెబుతూనే పాలమూరు ఆడవాళ్ళ మాటలో 'మా ఊరి ముచ్చట్లు' రాశారు. చిత్తూరు జిల్లా పల్లె మాటలో నామిని రాశారు. అవి చదివినప్పుడు నాకు యాస వినిపించలేదు, మనుషులు వినిపించారు. అంత చేతనవుతుందని కాదు, కనీసం దానికి అటువైపు నడవాలి గదా.

మూడో భయమే అసలైనది. దీన్ని మేడమ్ గారు కాస్త ఓపికగా చదవాలని కోరుతున్నాను. ఆరు వారాలు తప్పులు దిద్దరు అన్న షరతు చూసి మా హాస్టలంతా సంబరపడింది. నేను పడలేదు. అమెరికాలోనే లీసా డెల్పిట్ అని ఒక నల్లజాతి ఉపాధ్యాయురాలు 1988లో ఒక వ్యాసం రాసింది. దిద్దకుండా స్వేచ్ఛగా రాయనిచ్చే పద్ధతులు మంచి మనసుతోనే వచ్చాయి గాని, వాటివల్ల లాభపడేది అప్పటికే ఇంట్లో ఆ మర్యాద భాష నేర్చుకున్న పిల్లలేనని ఆమె వాదం. పేదింటి పిల్లలకు ఆ నియమాలు బడిలో తప్ప ఇంకెక్కడా దొరకవు. వాటిని విప్పి చెప్పకపోతే, స్వేచ్ఛ పేరుతో వాళ్ళను బయటే నిలబెట్టినట్టవుతుంది అంటుంది. అలాగని ఇంటి భాషను తుడిచెయ్యమని ఆమె అనలేదు. రెండూ ఇవ్వమన్నది.

లైబ్రరీలో ఇది చదివి నేను చాలాసేపు కూర్చుండిపోయాను. మా తరగతిలో చేరబోయేవాళ్ళలో లెక్చరర్ల పిల్లలున్నారు, వకీళ్ళ పిల్లలున్నారు. వాళ్ళింట్లో పత్రికలొస్తాయి, పుస్తకాల అల్మరాలున్నాయి, తప్పు మాట్లాడితే భోజనాల దగ్గరే సరిదిద్దే తాతగారున్నారు. వాళ్ళకు ఆరు వారాల స్వేచ్ఛ అంటే సెలవులు. మరి నాబోటివాళ్ళకు? మా ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషిని నేనే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, వాక్యం ఎక్కడ తెంచాలో, దరఖాస్తు ఎలా రాస్తే ఆఫీసులో గుమాస్తా దాన్ని పక్కన పడేయకుండా చదువుతాడో నాకు చెప్పేది ఈ కాలేజీయే. ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చిన మా రూమ్మేటుకైతే తెలుగులో 'ఉత్సాహం' రాయడానికే ఒళ్ళంతా చెమటలు పడతాయి. ఆ పిల్లకూ ఎవరో ఒకరు చెయ్యిపట్టి దిద్దించాలి. ఎర్ర సిరాతో నాకు పేచీ లేదు. అది నా మాటకూ నా తప్పుకూ తేడా తెలియకుండా రెండింటి కిందా ఒకే గీత గీస్తుందనే పేచీ. 'చేస్తది' తప్పు కాదు, 'ఉస్తాహం' తప్పు. ఆ తేడా తెలిసిన చేతికి ఎర్ర సిరా ఇస్తే నేను సంతోషంగా దిద్దించుకుంటాను. ఆరు వారాలు అక్కర్లేదు, రెండు వారాలు చాలు. మూడో వారం నుంచి అడిగినవాళ్ళకు అడిగినంత దిద్దండి.

నాలుగోది నోరు విప్పకూడదన్న షరతు. దీని పుట్టిల్లు అయోవా విశ్వవిద్యాలయం. 1936లో అక్కడ రచయితల వర్క్‌షాపు మొదలైంది. తర్వాత్తర్వాత ప్రపంచమంతా అదే నమూనా అయింది. రాసినవాడు మౌనంగా కూర్చుంటాడు, మిగతావాళ్ళు ఆ రచనను విప్పి చూస్తారు. రచయిత ఎప్పుడూ పాఠకుడి పక్కన నిలబడి వివరించలేడు గనక కాగితం తనంతట తాను మాట్లాడాలి అన్నది దాని సిద్ధాంతం. బాగానే ఉంది. కానీ ఈమధ్య అమెరికాలోనే దీనిమీద విమర్శలు వచ్చాయి. గుంపులో అందరిదీ ఒక లోకమై, రాసినవాడిది వేరే లోకమైతే, ఆ మౌనం శిక్ష అవుతుందని. నేను ఊహించుకుంటున్నాను: 'ఆకు తడిపినవా' చదువుతాను. ఇద్దరు 'ఏ ఆకు?' అంటారు. ఒకరు తమలపాకు అనుకుంటారు. ఒకరు 'పొగాకు ఆరోగ్యానికి హానికరం కదా, ఆ మాట కూడా చేర్చాలి' అంటారు. ఆ మాట నిజమే, మా అవ్వ దగ్గు రోజూ వింటున్నదాన్ని నాకు వేరే చెప్పనక్కర్లేదు. నేను మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి! ఇన్నేళ్ళూ తరగతిలో నేను చేసిందీ అదే, దానికోసం కొత్త కోర్సు ఎందుకు? రాసినవాళ్ళు ముందుగా రెండు ప్రశ్నలు అడిగే వీలుండాలి. ఇక్కడ మీకేం అర్థమైంది, ఇక్కడ ఎందుకు ఆగారు అని. మన ఊళ్ళలో కథ చెప్పేవాళ్ళు వినేవాళ్ళ 'ఊఁ' లేకుండా ముందుకు కదలరు. ఆ పద్ధతి అయోవాకంటే పాతది.

ఇన్ని భయాలు చెప్పినదాన్ని, అసలు అవ్వనే అడగలేదేమని మీరనవచ్చు. అడిగాను. పోయిన పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు, నీ పని గురించి తరగతిలో రాస్తనే అన్నాను. చేతిలో బీడీ ఆపకుండానే అన్నది:

"రాస్కో బిడ్డా, నాదేం పోతది. గని కార్ఖాన పేరు మాత్రం పెట్టకు. రేపు ఆకు తక్కువిస్తె ఎవల్ని అడుగుతం?"

కాసేపాగి మళ్ళీ, "నేను దగ్గుతనని కూడ రాయకు. నీ పెండ్లికి అడ్డమొస్తది" అన్నది.

దగ్గు సంగతి ఇక్కడ రాయవచ్చా అని మళ్ళీ ఫోను చేసి అడిగితే, పెండ్లిచూపులకు వచ్చేటోళ్ళు మీ కాలేజి పుస్తకాలు చదువుతరా ఏంది అని నవ్వి ఊరుకుంది. సరేనన్నట్టే లెక్క వేసుకున్నాను. కానీ ఆ మొదటి మాట నన్ను వదలడం లేదు. ఇంటి సంగతి రాయమని చెప్పడం తేలిక. ఇంటి సంగతి ఒక్క నాది కాదు. ట్యూబులైట్ల కింద చాప మీద కూర్చుని నేను చదివే నాలుగు పేరాలకు అక్కడెక్కడో అవ్వ కూలి, ఆకు తూకం, పెండ్లి సంబంధం ముడిపడి ఉన్నాయి. నా రాత బాగుందని ఇరవై ముగ్గురు మెచ్చుకుంటారేమో. ఆమె గుట్టు ఇరవై ముగ్గురికి తెలుస్తుంది. తరగతిలో చదివినది తరగతి దాటకూడదని మొదటిరోజే అందరం మాట ఇచ్చుకోవాలి. ఎవరైనా ఫలానారోజు నేను చదవను అంటే, కారణం అడక్కుండా వదిలేయాలి. నాకే కాదు, నాకంటే బరువైన సంగతులు మోస్తున్నవాళ్ళు ఆ చాప మీద ఉంటారు. కులం గురించి, ఆకలి గురించి, ఇంట్లో తాగుడు గురించి రాసేవాళ్ళుంటారు. రాయించగానే సరిపోదు, రాశాక ఆ మనిషి ఆ రాత్రి హాస్టల్లో ఎలా నిద్రపోతుందో కూడా తరగతి ఆలోచించాలి.

ఇంటి మాట తరగతిలోకి వస్తే ఏమవుతుందో మన రాష్ట్రాలు ఒకసారి చూశాయి కూడా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులు జరుగుతుండగా, వాచకంలో తాగుబోతు భర్తతో పడలేని ఒక ఆడమనిషి కథ పాఠంగా వచ్చింది. అ, ఆలు దిద్దుకుంటున్న దూబగుంట ఆడవాళ్ళు అది తమ కథేనన్నారు. సారా దుకాణం మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మన రెండు క్రెడిట్ల తరగతి అంత చేస్తుందని నేననడం లేదు. మామూలు వ్యాసం ఆపాటి కూడా చేయలేదని మాత్రం అంటున్నాను.

మా బ్యాచి మిత్రులు అడిగే ప్రశ్న ఇంకొకటుంది: 'దీనివల్ల ఉద్యోగమొస్తుందా?' రాదు. నెట్ పరీక్షలో ఇది అడగరు, జీడిమెట్ల మందుల కంపెనీ ఇంటర్వ్యూలో అసలే అడగరు. రెండో ప్రశ్న ఇంకా గట్టిది: 'ఫోనే రాసిపెడుతుంటే మనం రాయడమెందుకు?' 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఉపోద్ఘాతం, వివరణ, ముగింపు అన్నీ నిమిషంలో వస్తున్నాయి, తెలుగులో కూడా. మా రూమ్మేటు సరదాకి నీటి ఎద్దడి మీద వ్యాసం అడిగి చూసింది. వచ్చింది చదివి ఇద్దరం నవ్వుకున్నాం. నాకు ఎనిమిది మార్కులు తెచ్చిన వ్యాసానికి అది కవలపిల్లలా ఉంది! బిందె లేదు, వరస లేదు. యంత్రం మీద నాకు కోపం రాలేదు. మాకు పదహారేళ్ళు నేర్పిన పనిని అది మాకంటే బాగా, మాకంటే త్వరగా చేస్తున్నది. ఆ పని ఇక దానికే వదిలేద్దాం. ఆకు ఎన్ని గంటలు నానితే ఎలాంటి వాసన వస్తుందో, కూలి కోసుకున్నరోజు అవ్వ ముఖం ఎలా ఉంటుందో దానికి చెప్పేవాళ్ళు ఎవరో ఒకరు ముందు రాయాలి గదా.

ఇక మిగిలిన విన్నపాలు త్వరగా చెప్పేస్తాను. ఫోను బయట పెట్టమన్నది మంచిదే గాని, కంటిచూపు తక్కువ ఉన్న ఒక మిత్రుడు ఫోనులోనే వింటాడు, ఫోనులోనే రాస్తాడు. అతనికి మినహాయింపు ఇవ్వాలి. ఎన్ని పేజీలు నిండాయన్న లెక్క మీద మార్కులు వేస్తే పేజీలు నింపడం మాకు కొత్త కాదు, అడిషనల్ షీట్ల విద్యలో మేమంతా ఆరితేరినవాళ్ళమే, ఇంకేదైనా ఆలోచించండి. రాసేది ఉర్దూలోనో, లంబాడీలోనో, గోండీలోనో ఇంట్లో మాట్లాడే పిల్లలు కూడా పేర్లిచ్చారు. 'ఇంటి తెలుగు' అన్న మాట నోటీసులో ఉన్నప్పుడు వాళ్ళ సంగతేమిటో ఎవరూ చెప్పలేదు. వాళ్ళ మాట తెలుగు లిపిలో రాసినా ఒప్పుకుంటారా? గిడుగు వారు సవర మాటలను తెలుగు లిపిలో రాసి చూపించిన దేశం మనది, కాబట్టి అడుగుతున్నాను.

ఆఖరుది నోటు పుస్తకాల గురించి. మన కాలేజీలో సెమిస్టరు చివర రికార్డులన్నీ సంతకాలై ఆఫీసు బీరువాలోకి పోతాయి, కొన్నేళ్ళకు తూకానికి వెళతాయి. కిందటేడు క్యాంటీన్లో మిర్చిబజ్జీ కట్టిచ్చిన కాగితం మీద మా సీనియరు తీసిన టైట్రేషన్ రీడింగులు చూశాను. రీడింగులు పోతే పోయాయి. ఈ రెండు వందల పేజీలు మాత్రం ఎక్కడా జమ చేయించుకోకండి. మేడమ్ గారు చూడాల్సింది చూసి, మార్కు వేయాల్సి ఉంటే వేసి, అదే బుధవారం మా చేతికే తిరిగి ఇచ్చేయాలి. మా అవ్వకు చదవడం రాదు. వేసవి సెలవుల్లో ఇంటికి తీసుకెళ్ళి నేనే చదివి వినిపించాలి.